పీట్‌లో, కోకోపీట్‌లో పూల మొక్కలు: హైదరాబాద్ ఎండకు, బోరు నీటికి తగ్గట్టు కుండీ సిద్ధం చేసే పద్ధతి

నవంబరు మొదలైతే చాలు, ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. "నర్సరీలో గుత్తులు గుత్తులుగా పూసిన పెటూనియా మా బాల్కనీకి వచ్చిన పది రోజులకే ఎందుకు వాడిపోయింది? రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాం కదా!" చామంతి గురించి, డయాంథస్ గురించి, జెరేనియం గురించి కూడా ఇదే మాట.

నాకూ ఇదే జరిగింది. మొదటిసారి పీట్‌లో, అంటే మట్టికి బదులు వాడే సగం కుళ్లిన నాచులో, పెరిగిన చామంతులు ఒక డజను తెచ్చి మిద్దె మీద పెట్టాను. మట్టి కుండీలకు పోసినట్టే రోజూ పొద్దున ఒక్కోదానికి ఒక చెంబు పోయించాను. వారం తిరిగేసరికి ఆకులు వేలాడిపోయాయి. "పైన తడిగనే ఉన్నది గదమ్మా, మరెందుకిట్ల వాడింది?" అంది నీళ్లు పోసే ఆమె. ఇద్దరం కలిసి ఒక కుండీ వంచి మొక్కను బయటకు లాగాం. వేర్ల ముద్ద చుట్టూ పలచటి తడి పొర. వేలితో చీల్చి చూస్తే లోపల నశ్యంలాంటి పొడి. పోసిన నీళ్లన్నీ ముద్దకూ కుండీ గోడకూ మధ్య ఉన్న సందులోంచి జారి, అడుగు రంధ్రంలోంచి వెళ్లిపోయాయన్నమాట.

పీట్ మట్టి కాదు. అది నీళ్లు తాగే తీరు వేరు, ఎండే తీరు వేరు, ఎరువును పట్టి ఉంచే తీరు వేరు. ఈ తేడా తెలిసి కుండీ సిద్ధం చేసుకుంటే మన ఎండల్లో, మన బోరు నీళ్లతో కూడా డిసెంబరు నుంచి మార్చి దాకా పూలు ఆగవు. వరసగా ఎలా చేయాలో కింద రాస్తున్నాను. 3, 4, 7 అంకెల దగ్గర కాస్త ఆగి చదవండి. ఎక్కువ మొక్కలు పోయేది అక్కడే.

1. మీ చేతిలో ఉన్నది పీటా, కోకోపీటా?

మన దగ్గర "పీట్ ఇవ్వండి" అంటే చాలా దుకాణాల్లో ఇచ్చేది కోకోపీట్, అంటే కొబ్బరి పీచు తీయగా మిగిలిన పొట్టు. అసలు పీట్ వేరు. చల్లటి దేశాల చిత్తడి నేలల్లో స్ఫాగ్నమ్ అనే నాచు నీటిలో మునిగి, గాలి తగలక, సగమే కుళ్లి పొరలు పొరలుగా పేరుకుంటే అది పీట్. కెనడా నుంచి, లాత్వియా, ఎస్టోనియా లాంటి బాల్టిక్ దేశాల నుంచి మూటలుగా వస్తుంది. పొర ఏడాదికి మిల్లీమీటరు చొప్పున పెరగడమే ఎక్కువ. అందుకే దాన్ని విత్తనాల ట్రేలకు, సన్నని వేర్లున్న మొక్కలకు మాత్రమే వాడి, మిగతా అన్నిటికీ కోకోపీట్ వాడమని నా సలహా. ధర కూడా చాలా తగ్గుతుంది.

రెండూ ముదురు గోధుమ రంగులోనే ఉంటాయి కాబట్టి చూపుతో పోల్చలేం. పనిలో మాత్రం తేడాలు ఇవి:

- పీట్ సహజంగా బాగా పులుపు. పీహెచ్ (పులుపును కొలిచే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.5 నుంచి 4.5. కోకోపీట్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంటుంది.
- పీట్ ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని లోపలికి రానివ్వదు. కోకోపీట్ ఎండినా తొందరగానే తడుస్తుంది.
- పీట్‌లో ఉప్పు దాదాపు ఉండదు. కోకోపీట్‌లో సోడియం, పొటాషియం, క్లోరైడ్ ఉండే అవకాశం ఎక్కువ. కడగకుండా వాడితే ఆకుల అంచులు మాడతాయి.
- రెండింటిలోనూ మొక్కకు సరిపడా తిండి లేదు. అది మనమే ఇవ్వాలి.

పీట్ సంచి కొంటే వెనక ఉన్న పీహెచ్ అంకె చదవండి. 5.5 నుంచి 6.5 అని ఉంటే అందులో సున్నం ముందే కలిపారని అర్థం, మళ్లీ కలపకూడదు. 3.5 నుంచి 4.5 అని ఉంటే అది పచ్చి పీట్.

2. కుండీ లోపల ఏం జరుగుతుంది: స్పాంజితో ఒక చిన్న పరీక్ష

వంటింట్లో గిన్నెలు తోమే కొత్త స్పాంజి ఒకటి తీసుకోండి. నీటిలో ముంచి, అరచేతి మీద పడుకోబెట్టి పట్టుకోండి. కాసేపు కారి ఆగిపోతుంది. ఇప్పుడు దాన్నే నిలువుగా నిలబెట్టండి. మళ్లీ కారుతుంది! స్పాంజి అదే, నీళ్లు అవే, ఎత్తు మాత్రమే మారింది.

పీట్ ఉన్న కుండీ కూడా ఇంతే. నీళ్లు కారడం ఆగిపోయాక కూడా అడుగున కొంత ఎత్తు వరకు మిశ్రమం నీటితో నిండిపోయి ఉంటుంది, అక్కడ గాలి ఉండదు. పొట్టి కుండీలో ఆ తడి భాగం దాదాపు సగం ఎత్తు వరకు రావచ్చు, పొడుగు కుండీలో అడుగునే ఉండిపోతుంది. కాబట్టి పొట్టిగా, వెడల్పుగా ఉండే ట్రేలకు పెర్లైట్ (రాయిని కాల్చి ఉబ్బించిన తేలికైన తెల్ల గింజలు) ఎక్కువ కలపాలి, ఎత్తు కుండీలకు తక్కువైనా సరిపోతుంది.

అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా పోతాయని మనందరికీ పెద్దవాళ్లు చెప్పినదే. పీట్ కుండీల్లో అలా చేయకండి. రాళ్ల పైన ఉన్న పీట్ తన నీటిని రాళ్లలోకి వదలదు. తడి భాగం అంత ఎత్తుకు పైకి జరుగుతుంది, వేర్లకు మిగిలే చోటు తగ్గుతుంది. రంధ్రం మీద ఒక్క కుండ పెంకు, లేదా దోమల జాలీ ముక్క చాలు.

3. ముందు మీ ఇంటి నీళ్లు చూడండి

మిక్స్ కొనక ముందే ఈ పని. నగరంలో ఒకే వీధిలో ఒకరికి మంజీరా నీళ్లు, ఒకరికి కృష్ణా నీళ్లు, ఇంకొకరికి పూర్తిగా బోరు. ఒకే మిక్స్ ఒక ఇంట్లో పూస్తుంది, పక్కింట్లో పసుపెక్కుతుంది. కారణం నీళ్లే.

నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు చవకగానే దొరుకుతుంది. నేను పాటించే హద్దులు: 500 లోపు ఉంటే నిశ్చింతగా వాడండి. 500 నుంచి 1000 అయితే వాన నీళ్లో, ఏసీ నీళ్లో సగం కలపండి. 1000 దాటితే పీట్ కుండీలకు ఆ నీళ్లు వద్దు.

మీటరు చెప్పని సంగతి ఒకటుంది. మన బోరు నీటిలో బైకార్బొనేట్లు ఎక్కువ. గీజర్ కడ్డీ మీద తెల్లటి పెచ్చు, బకెట్ అంచున గీత కడుతోందంటే అవి ఉన్నట్టే. ఈ నీళ్లు రోజూ పోస్తుంటే కుండీలో పీహెచ్ మెల్లగా పైకి ఎగబాకుతుంది. నాటినప్పుడు 5.8 ఉన్నది రెండు నెలలకు 7 దాటవచ్చు. అప్పుడు ఇనుము మిశ్రమంలో ఉన్నా మొక్కకు అందదు.

దీనికి సులువైన ఉపాయం నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు 2 గ్రాములు 10 లీటర్ల బోరు నీటిలో కలిపి, ఒక గంట ఉంచి పోయండి. మున్సిపల్ నీళ్లకు, వాన నీళ్లకు, ఏసీ నీళ్లకు ఇది కలపకూడదు.

వాడకూడని నీళ్లు రెండు. మొదటిది, ఆర్‌ఓ యంత్రం పక్క గొట్టంలోంచి బయటకు వదిలే నీళ్లు. "వృథా ఎందుకు, మొక్కలకు పోద్దాం" అనుకునే ఇళ్లు ఎన్నో చూశాను. మంచి ఉద్దేశమే, కానీ అసలు నీటిలో ఉన్న ఉప్పంతా అందులోకే చేరుతుంది. వాటితో నేల తుడవండి. రెండోది, అపార్ట్‌మెంట్ సాఫ్టెనర్ నుంచి వచ్చే నీళ్లు. అందులో కాల్షియం పోయి సోడియం వస్తుంది. సబ్బు బాగా నురగ వస్తుంది కానీ మొక్కలకు చెరుపు. సాఫ్టెనర్‌కు ముందున్న లైన్ నుంచి ఒక కుళాయి పెట్టించమని సొసైటీని అడగండి. మిద్దె తోట ఉన్నవాళ్లు నలుగురు కలిసి అడిగితే పని అవుతుంది.

4. పీట్, కోకోపీట్ సిద్ధం చేయడం

*కోకోపీట్ కడిగే పద్ధతి*

5 కిలోల దిమ్మ నీళ్లు తాగి ఉబ్బితే సుమారు 60 నుంచి 75 లీటర్లు అవుతుంది. ఆ లెక్కన పెద్ద టబ్ ఉండాలి. లేదంటే దిమ్మను రంపంతో సగం కోసుకోండి.

1) దిమ్మను టబ్‌లో పెట్టి, నీళ్లు పోసి, పూర్తిగా విడిపోయే వరకు రెండు మూడు గంటలు వదిలేయండి.
2) పాత కాటన్ చీర ముక్కలోకో, షేడ్‌నెట్ సంచిలోకో ఎత్తి నీళ్లు పిండండి. మొదటిసారి కల్లు రంగులో కాదు, టీ డికాషన్ రంగులో నీళ్లు వస్తాయి.
3) మంచి నీళ్లు పోసి, కలిపి, అరగంట తర్వాత మళ్లీ పిండండి. ఇలా మూడుసార్లు.
4) చివరగా పిండిన నీటిలో టీడీఎస్ మీటరు ముంచండి. మీరు పోసిన నీటి అంకె కంటే 200, 300 మాత్రమే ఎక్కువ ఉంటే సరిపోయింది. ఇంకా ఎక్కువ చూపిస్తే మరోసారి కడగండి.
5) ఇప్పుడు 100 గ్రాముల కాల్షియం నైట్రేట్‌ను కోకోపీట్ మునిగేన్ని నీళ్లలో కరిగించి, అందులో రాత్రంతా నానబెట్టండి. పొద్దున పిండి, ఒకసారి మంచి నీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టండి.

ఐదో మెట్టును చాలామంది వదిలేస్తారు. ఉత్త కడుగుడుతో పైన తేలే ఉప్పు మాత్రమే పోతుంది. పొట్టు కణాలకు అతుక్కున్న సోడియం, పొటాషియం అలాగే ఉండి, తర్వాత మనం వేసే కాల్షియం, మెగ్నీషియంను లాగేసుకుని వాటికి బదులు తాము బయటకు వస్తాయి. కాల్షియం నైట్రేట్‌లో నానబెడితే ఆ మార్పిడి మొక్క నాటక ముందే టబ్‌లో జరిగిపోతుంది. మీరు కొన్న ప్యాకెట్ మీద బఫర్డ్ అని ఉంటే ఈ మెట్టు అక్కర్లేదు, ఒక్క కడుగు చాలు.

*పచ్చి పీట్‌కు సున్నం*

పచ్చి పీట్‌కు డోలమైట్ పొడి కలపాలి. ఇందులో కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా ఉంటుంది. ఎంత అన్నది పువ్వును బట్టి ఉంటుంది:

- పెటూనియా, కాలిబ్రకోవా, పాన్సీ: లీటరు పీట్‌కు 2 నుంచి 3 గ్రాములు. ఇవి పీహెచ్ 5.5 నుంచి 6.2 మధ్య హాయిగా ఉంటాయి.
- జెరేనియం, బంతి: లీటరుకు 4 నుంచి 5 గ్రాములు. వీటికి 6 పైన కావాలి. అంతకంటే పులుపైతే ఇనుము, మాంగనీసు మోతాదు మించి తాగేసి పాత ఆకుల మీద కంచు రంగు చుక్కలు వస్తాయి.
- చామంతి, డయాంథస్: మధ్యస్థంగా 3 నుంచి 4.

మీది బోరు నీళ్లయితే పై అంకెల్లో తక్కువదే తీసుకోండి. మిగతా సున్నం మీ నీళ్లే పోస్తాయి. కలిపాక పీట్‌ను తేమగా ఉంచి, గోనెపట్టా కప్పి, పది రోజులు ఆగండి. సున్నం పని చేయడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. గోడలకు వేసే సున్నం మాత్రం వాడకండి, అది వేర్లను కాలుస్తుంది.

పొడిగా ఉన్న పీట్‌కు గోరువెచ్చటి నీళ్లు కొద్దికొద్దిగా చల్లుతూ చేత్తో కలపండి. చన్నీళ్లు గుమ్మరిస్తే పైన తేలుతుంది.

5. ఏ మొక్కకు ఏ మిశ్రమం

డబ్బాతోనో మగ్గుతోనో కొలవండి, తూకం వద్దు.

విత్తనాల ట్రేకి: పీట్ 3, పెర్లైట్ 1. ఎరువేమీ వద్దు.

పెటూనియా, డయాంథస్, పాన్సీ, సాల్వియా, జెరేనియం లాంటి చలికాలపు పూలకు: పీట్ లేదా కడిగిన కోకోపీట్ 5, వర్మీకంపోస్ట్ 2, పెర్లైట్ 2, కాల్చిన వరి ఊక 1. పెర్లైట్ ఖరీదనిపిస్తే ఒక భాగం తగ్గించి ఊక పెంచండి. ఊక నల్లగా మాడాలి, బూడిద కాకూడదు. తెల్ల బూడిద మిశ్రమం పీహెచ్‌ను ఒక్కసారిగా పెంచేస్తుంది.

చామంతికి: పై మిశ్రమంలోనే ఒక భాగం కోకోపీట్ తీసేసి ఎర్రమట్టి కలపండి. చామంతి జూన్, జూలైలో కొమ్మ కత్తిరింపుతో మొదలై డిసెంబరు దాకా అదే కుండీలో ఉంటుంది, పూలు వచ్చేసరికి తల బరువెక్కుతుంది. కాస్త మట్టి ఉంటే గాలికి పడిపోదు.

గులాబీ, మందారానికి: ఎర్రమట్టి 4, బాగా మాగిన పశువుల ఎరువు 3, కోకోపీట్ 2, ముతక ఇసుక 1. ఇవి ఏళ్ల తరబడి ఉండే మొక్కలు. పూర్తిగా కోకోపీట్‌లో పెడితే రెండేళ్లలో మిశ్రమం కుంగిపోయి వేర్లకు గాలి ఆడదు.

అడీనియానికి, కాగితం పూలకు పీట్ వద్దు. ఎండితేనే పూసే మొక్కలకు తడి పట్టి ఉంచేది పెట్టడం వాటికి మేలు చేయదు.

నల్లరేగడి ఏ కుండీలోనూ కలపకండి.

6. నాటే వరస

హైదరాబాద్‌లో చలికాలపు పూలకు అక్టోబరు రెండో సగం నుంచి నవంబరు చివరి వరకు మంచి అదను. వానలు ఆగాలి, పగటి ఎండ తగ్గాలి.

1) మిశ్రమాన్ని ముందు తడపండి. పిడికిట్లో పట్టి గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో రెండు మూడు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. పిడికిలి విప్పితే ముద్దగా నిలిచి, వేలితో తాకితే విడిపోవాలి.

2) తెచ్చిన మొక్కను అది ఉన్న కవరుతోనే బకెట్ నీళ్లలో ముంచండి. బుడగలు ఆగేదాకా, అంటే సుమారు అరగంట. నా చామంతులు పోయింది ఈ ఒక్క పని చేయకే.

3) వేర్ల ముద్ద ఏమిటో చూడండి. పుణె, బెంగళూరు వైపు నుంచి వచ్చే సీజనల్ మొక్కలు చాలావరకు కోకోపీట్‌లో ఉంటాయి. అలాంటివైతే అలాగే నాటేయొచ్చు, చుట్లు తిరిగిన వేర్లను మాత్రం వేళ్లతో విప్పండి. కడియం వైపు నుంచి వచ్చేవి ఎక్కువగా బంకమట్టి ముద్దతో వస్తాయి. ఆ ముద్దను యథాతథంగా పీట్‌లో పెడితే రెండింటికీ పొత్తు కుదరదు. ఒకటి తడిగా, ఒకటి పొడిగా ఉండిపోయి వేర్లు మట్టి ముద్ద దాటి రావు. నానబెట్టి, బయటి మూడో వంతు మట్టిని మెల్లగా రాల్చి నాటండి. మొత్తం కడిగేయొద్దు.

వేర్ల చుట్టూ వల గుడ్డ ఉంటే కత్తెరతో కోసి తీసేయండి. కొన్ని పెటూనియాలకు కాండం మొదట్లోనే ఇది దాగి ఉంటుంది, వెతకాలి.

4) కుండీ నింపేటప్పుడు చేత్తో అదమకండి. మట్టిని అదిమే అలవాటుతో పీట్‌ను నొక్కితే గాలి ఉండాల్సిన సందులన్నీ మూసుకుపోతాయి. కుండీని రెండుసార్లు నేలకు తట్టండి, అంతే. పైన ఒక అంగుళం ఖాళీ వదలండి.

5) మొక్క ముందు ఎంత లోతులో ఉందో అంతే లోతులో ఉండాలి.

6) మొదటి నీళ్లు రెండు విడతలు. అడుగునుంచి కారేదాకా పోయండి, పది నిమిషాలు ఆగి మళ్లీ పోయండి. తర్వాత నాలుగైదు రోజులు నీడలో ఉంచి, ఆపై పొద్దుటి ఎండకు మార్చండి.

7. నీళ్లు: కుండీ బరువు చేతికి తెలియాలి

పీట్ తన పొడి బరువుకు పది రెట్లకు పైగా నీళ్లు పట్టుకోగలదు. పైన రంగు మారినా లోపల తడి ఉండొచ్చు. పైన తడిగా ఉన్నా లోపల ఎండి ఉండొచ్చు. కాబట్టి కళ్లను నమ్మకుండా బరువును నమ్మండి.

ప్రయాణాల్లో సూట్‌కేసు తూచే చిన్న వేలాడే కాటా తీసుకోండి. నీళ్లు బాగా పోసి, కారడం ఆగిన అరగంటకు కుండీని తూచి ఆ అంకె కుండీ మీద రాయండి. మా ఇంట్లో 8 అంగుళాల ప్లాస్టిక్ కుండీ అప్పుడు మూడు కిలోల దగ్గర ఉంటుంది. ఆకులు వడలడానికి కొద్దిగా ముందు కిలోన్నరకు వస్తుంది. నేను రెండు కిలోలకు దిగగానే పోస్తాను. వారం రోజులు ఇలా తూస్తే తర్వాత కాటా అక్కర్లేదు, కుండీని ఒక పక్కకు కొంచెం లేపితే చేతికే తెలిసిపోతుంది. మా ఇంట్లో నీళ్లు పోసే ఆమెకు ఇప్పుడు నాకంటే బాగా తెలుసు.

పోసేటప్పుడు నిండుగా పోయాలి. పోసిన నీటిలో ఐదో వంతు అయినా కిందికి కారాలి. రోజూ చెంబు, అరచెంబు చొప్పున చిలకరిస్తే పైపొర మాత్రమే తడుస్తుంది, ఉప్పు లోపలే పేరుకుంటుంది. కారిన నీళ్లు పళ్లెంలో నిలవనివ్వకండి, అరగంటలో పారబోయండి.

డిసెంబరులో రెండు మూడు రోజులకు ఒకసారి సరిపోతుంది. ఫిబ్రవరి చివర్లో రోజూ. పొద్దున ఎనిమిది లోపు పోయండి. ఎండ ముదిరాక గొట్టంలో నిలిచిన నీళ్లు వేడిగా ఉంటాయి, మొదట కొంత వదిలేసి పోయాలి.

*పీట్ పూర్తిగా ఎండిపోతే:* గోరువెచ్చటి నీళ్ల బకెట్‌లో, 10 లీటర్లకు నాలుగైదు చుక్కల గిన్నెల సబ్బు ద్రవం కలిపి, కుండీ అంచు దాకా ముంచండి. తేలుతుంటే పైన రాయి పెట్టండి. బుడగలు ఆగాక తీసి నీడలో పెట్టి, సాయంత్రం దాకా కదిలించకండి.

8. ఎరువు: కొద్దిగా, తరచుగా

మట్టిలో కొంత తిండి నిలవ ఉంటుంది. పీట్‌లో ఆ భరోసా లేదు. వర్మీకంపోస్ట్ రెండు మూడు వారాలు కాపాడుతుంది, ఆ తర్వాత మనమే పెట్టాలి.

- నాటిన మూడో వారం నుంచి వారానికోసారి 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండి నీటిలో కరిగే ఎరువు), లీటరుకు 1 గ్రాము.
- మొగ్గ కనబడ్డాక ఒక వారం అది, ఒక వారం 13:0:45 (పొటాషియం నైట్రేట్), లీటరుకు 1 గ్రాము.
- కోకోపీట్ అయితే రెండు వారాలకోసారి కాల్షియం నైట్రేట్ లీటరుకు 1 గ్రాము, నెలకోసారి ఎప్సమ్ సాల్ట్ లీటరుకు 1 గ్రాము. ఈ రెండూ ఒకే బకెట్‌లో కలపకండి. 19:19:19 తో కూడా కాల్షియం నైట్రేట్ కలపకూడదు, తెల్లగా విరిగి అడుగున చేరుతుంది.
- ఎండిన మిశ్రమం మీద ఎరువు నీళ్లు పోయకండి. ముందు మామూలు నీళ్లు, గంట తర్వాత ఎరువు.

యూరియా గింజలు, డీఏపీ గింజలు పీట్ కుండీలో వేయకండి. మట్టి తట్టుకుంటుందేమో కానీ ఇక్కడ వేరు అంచులు మాడతాయి.

నెలకోసారి ఉప్పు కడగాలి. కుండీ పరిమాణానికి రెండు రెట్లు మంచి నీళ్లు, అంటే 8 అంగుళాల కుండీకి సుమారు 8 లీటర్లు, మెల్లగా పోయండి. మరుసటి రోజు సగం మోతాదు ఎరువు ఇవ్వండి.

9. మొక్క చూపించే గుర్తులు, వెంటనే చేయాల్సినవి

లేత ఆకులు పసుపు, ఈనెలు పచ్చగా. హైదరాబాద్ పెటూనియాల్లో నేను ఎక్కువగా చూసే సమస్య ఇదే. చాలామంది నత్రజని తక్కువైందని ఎరువు పెంచుతారు. నత్రజని తక్కువైతే ముందు పాత ఆకులు పసుపెక్కుతాయి, లేతవి కాదు. ఇది పీహెచ్ పెరిగి ఇనుము అందక వచ్చేది. పోసే నీళ్లలో నిమ్మ ఉప్పు మొదలుపెట్టండి, చిలేటెడ్ ఐరన్ (మొక్కకు తేలిగ్గా అందే రూపంలోని ఇనుము) లీటరుకు అర గ్రాము కలిపి సాయంత్రం ఆకుల మీద చల్లండి. పది రోజులకు మళ్లీ ఒకసారి. కొత్తగా వచ్చే ఆకు పచ్చగా ఉంటే మందు పట్టినట్టు. పసుపెక్కిన పాత ఆకు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు, కంగారు పడొద్దు.

ఆకుల అంచులు గోధుమ రంగులో మాడడం. ఉప్పు. పైన చెప్పినట్టు కడగండి, రెండు వారాలు ఎరువు ఆపండి.

తడి ఉన్నా మొక్క వాడడం. ముద్దను బయటకు తీసి చూడండి. లోపల పొడిగా ఉంటే బకెట్‌లో ముంచాలి. తడిగా ఉండి, వేర్లు గోధుమ రంగులో, లాగితే పైతోలు ఊడి దారంలా మిగిలితే కుళ్లు. కుళ్లిన వేర్లు కత్తిరించి, పెర్లైట్ ఎక్కువున్న కొత్త మిశ్రమంలో చిన్న కుండీకి మార్చి, పూలూ మొగ్గలూ తుంచేయండి. మార్చాల్సింది పెద్ద కుండీకి కాదు, చిన్నదానికి. ఈ రెండు పరిస్థితులకూ వైద్యం పూర్తిగా వ్యతిరేకం కాబట్టి చూడకుండా నీళ్లు పోయకండి.

ఆకులు దట్టంగా, పూలు లేవు. నత్రజని ఎక్కువ, లేదా ఎండ తక్కువ. రోజుకు ఐదారు గంటల ఎండ ఉందో లేదో ముందు చూడండి. చామంతికైతే రాత్రి బాల్కనీ లైటు ఆపేయండి. రాత్రి పొడుగ్గా, చీకటిగా ఉంటేనే అది మొగ్గ తొడుగుతుంది.

కుండీ మీద చిన్న నల్ల ఈగలు. పైపొర ఎప్పుడూ తడిగా ఉంటే వస్తాయి, వాటి పురుగులు లేత వేర్లను తింటాయి. పసుపు జిగురు అట్టలు పెట్టి, పైన ఒక అంగుళం ఆరేదాకా నీళ్లు ఆపండి. సెంటీమీటరు మందాన ఇసుక పరిచినా తగ్గుతాయి.

పైన పచ్చటి పాకుడు. చెంచాతో గీరి తీసేసి కొత్త మిశ్రమం చల్లండి, కుండీల మధ్య దూరం పెంచండి.

ప్రతి ఆదివారం పది నిమిషాలు చూసుకోవాల్సినవి:

- ప్రతి కుండీ ఒకసారి లేపి బరువు చూశానా?
- ముద్దకూ కుండీ గోడకూ మధ్య సందు పడిందా? పడితే ఈ రోజే ముంచాలి.
- అడుగు రంధ్రం వేర్లతో మూసుకుపోయిందా?
- లేత ఆకు రంగు ఎలా ఉంది?
- వాడిన పూలు, కాయ తొడిమతో సహా తుంచానా?
- కుండీ అంచున తెల్ల పొడి కనబడుతోందా?

10. ఎండాకాలం, వానాకాలం, పాత మిశ్రమం

మార్చి రెండో వారం దాటితే పడమటి బాల్కనీల్లో నల్ల ప్లాస్టిక్ కుండీలు తాకలేనంత వేడెక్కుతాయి. పీట్ కుండీలు తేలిక కాబట్టి మట్టి కుండీల కంటే తొందరగా కాగుతాయి. తెల్ల సున్నం బయటివైపు పూయండి, లేదా చిన్న కుండీని పెద్ద మట్టి కుండీలో దించి మధ్య సందులో తడి ఇసుక పోయండి. 50 శాతం షేడ్‌నెట్ కట్టండి. మే నెలలో 40 డిగ్రీలు దాటే రోజుల్లో పెటూనియాను కాపాడాలని ప్రయత్నించకండి. ఆ చోట బిళ్ల గన్నేరు, నాచు పూలు పెట్టండి, అవి ఎండకు నవ్వుతాయి. ఏసీ నీళ్లు పుష్కలంగా వచ్చేది కూడా ఇప్పుడే, బకెట్ పెట్టి పట్టుకోండి.

వానాకాలంలో ముసురు పట్టినప్పుడు పీట్ కుండీలను సజ్జ కిందికి జరపండి. అలా వీలు కాకపోతే రెండు ఇటుకల మీద ఎత్తి, కొంచెం ఏటవాలుగా పెట్టండి. స్పాంజి పరీక్ష గుర్తుందిగా, వంచితే అడుగున నిలిచిన నీళ్లు కొంత కారిపోతాయి.

సీజన్ అయ్యాక మిశ్రమం పారేయకండి. జబ్బు లేని కుండీలదైతే వేర్లు ఏరేసి, తడిపి, పారదర్శకంగా ఉండే పాలిథిన్ కవరులో పలచగా నింపి మూతి కట్టి, ఏప్రిల్, మే ఎండలో మిద్దె మీద నాలుగు వారాలు పరచండి. తర్వాత ఉప్పు పోయేలా ఒకసారి కడిగి, మూడు భాగాలకు ఒక భాగం వర్మీకంపోస్ట్, ఒక భాగం పెర్లైట్ కలిపితే బంతికి, బిళ్ల గన్నేరుకు బాగా పనికొస్తుంది. విత్తనాల ట్రేకి మాత్రం ఎప్పుడూ కొత్తదే. వేరు కుళ్లు వచ్చిన కుండీలోని మిశ్రమాన్ని చెట్ల పాదుల్లో వేసేసి, ఆ కుండీని బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండబెట్టి, జూన్‌లో చామంతి కత్తిరింపులకు సిద్ధంగా ఉంచుకోండి.